నేలపట్టుకు అతిథులుగా

మా మనవడికి ఎనిమిదేళ్లు. నిరుటి నుండి వాడిది ఒకటే పట్టుదల. చిలుక కావాలి. తోటి పిల్లవాడి ఇంట్లో పంజరంలో ఉన్న చిలుకను చూసి వచ్చిన నాటి నుండి వాడికి అన్నం సహించడం మానేసింది. పాతబస్తీలోని ముర్గీ చౌక్‌కు తీసుకువెళ్తే ఏ పక్షి అయినా దొరుకుతుందని ఎవరో చెప్పారట. మేము వద్దన్నాము. మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా పక్కింట్లో ఉంది కదా అని ఊరుకుంటారు.

వాడు ఊరుకోలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) కాలంలో అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాడి వద్ద ఒక బుల్లిపిట్ట ఉండేదని, అది చనిపోతే ప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి ఎంతో ఆప్యాయంగా పలకరించారని మేమే ఒకనాడు పాఠంలో చెప్పాము. దాన్ని పట్టుకున్నాడు. ఆ హదీసును ఆధారం చేసుకుని, తిండీ నీరూ సరిగా చూసుకునేట్లయితే పక్షిని పెంచుకోవచ్చునని ధర్మవేత్తలు చెప్పిన మాట వాస్తవమే. అయితే తల్లీపిల్లా కలిసి ఉన్న గూటి నుండి పిల్లలను తీసుకువస్తే, తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ పైన తిరుగుతుంటే చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ప్రవక్త (స) ఆజ్ఞాపించిన హదీసు కూడా అబూ దావూద్ గ్రంథంలో ఉంది. బజారులోని చిలుక ఏ చెట్టు తొర్రలో నుండి వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఇదంతా ఎనిమిదేళ్లవాడికి చెప్పాము. విన్నాడు. విని ఏడ్చాడు.

అప్పుడు నోరు జారి ఒక మాట ఇచ్చాము. "పక్షిని మన ఇంటికి తెచ్చుకోవద్దు నాన్నా, మనమే దాని ఇంటికి అతిథులుగా వెళ్దాం" అని. ఇచ్చిన మాట అప్పు వంటిది. ఆ సాయంత్రం నుండి వాడు రోజూ వసూలుకు వచ్చాడు.

సికింద్రాబాద్ నుండి పక్షులను చూడటానికి వెళ్లాలంటే దగ్గరలోనే చోట్లు లేకపోలేదు. సంగారెడ్డి వద్ద మంజీరా అభయారణ్యం ఉంది. ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. బస అనే సమస్యే రాదు. కానీ వాడికి గూళ్లు చూడాలని ఉంది, గూళ్లలో పిల్లలను చూడాలని ఉంది. కొల్లేరు గురించి ఆలోచించాము. అక్కడ 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. కైకలూరు పక్కన ఆటపాక వద్ద పడవ మీద తిరుగుతూ గూడబాతులను చూడవచ్చునంటారు. మా శ్రీమతికి పడవ అంటే భయం. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు మరొక చోటు. ఊరి చెరువే పక్షుల నివాసం, గుంటూరు నగరంలో బసకు కొదువ లేదు. చివరకు మా మనసు నేలపట్టు మీదికి పోయింది. దానికి కారణం కొంచెం స్వార్థమే. సికింద్రాబాద్‌లో రాత్రి సింహపురి ఎక్కితే తెల్లవారాక గూడూరులో దిగవచ్చు. మధ్యలో బండి మారే పని లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి అది చిన్న విషయం కాదు.

నేలపట్టు తిరుపతి జిల్లాలో, నాయుడుపేటకు సూళ్లూరుపేటకు మధ్య, దొరవారిసత్రం మండలంలో ఉన్న చిన్న పల్లె. మొన్నటిదాకా నెల్లూరు జిల్లా. ఆ ఊరి చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మచ్చలముక్కు గూడబాతులు దక్షిణ భారతంలో గూళ్లు కట్టి పిల్లలను పొదిగే ముఖ్యమైన తావుల్లో అది ఒకటి. ఈశాన్య ఋతుపవనాల వానలు పడి చెరువు నిండే అక్టోబరు నెలలో వస్తాయి. పిల్లలు ఎగరడం నేర్చుకుని, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. మేము జనవరిని ఎంచుకున్నాము. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ అని డిసెంబరు, జనవరి ప్రాంతాల్లో ప్రభుత్వం జరుపుతుంది. ఆ తేదీలు తప్పించి వెళ్లడం మంచిదని తెలిసినవారు చెప్పారు. ఆ మూడు రోజులూ గదులు దొరకవు, దొరికినా ధర నిలకడగా ఉండదు. పైగా పక్షులను చూడటానికి వెళ్లి మైకుల హోరు వినడం దేనికి?

ప్రయాణానికి ముందు రాత్రుళ్లు పిల్లవాడికి సలీం అలీ గారి కథ చెప్పాము. 1896లో బొంబాయిలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగిన పిల్లవాడు ఆయన. చిన్న తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుక కాదే, ఇది తినదగినదో కాదో అని ముస్లిం పిల్లవాడికి అనుమానం వచ్చింది. మేనమామ దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆయనకూ తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. హలాలా కాదా అన్న ఆ ఒక్క ప్రశ్న ఒక అనాథ బాలుణ్ణి దేశంలోకెల్లా గొప్ప పక్షి శాస్త్రవేత్తను చేసింది. ఆయన 1931-32లో మన హైదరాబాద్ సంస్థానంలోనూ ఊరూరా తిరిగి పక్షుల లెక్క రాశారు. అప్పటికి ఆయన వద్ద ఉద్యోగం లేదు, పెద్ద డిగ్రీ లేదు. మా మదర్సాలో పిల్లలకు ఈ కథ తరచు చెబుతుంటాము. ప్రశ్న అడగడానికి సిగ్గుపడే పిల్లలు ఎక్కువైపోయారు.

ఇక బస సంగతి. ఇక్కడే మాకూ మా శ్రీమతికీ అభిప్రాయభేదం వచ్చింది. పక్షులను చూడాలంటే సూర్యోదయానికి అక్కడ ఉండాలి కనుక వీలైనంత దగ్గరలో గది తీసుకోవాలని మా వాదన. ఆమె షరతులు వేరు. మసీదు అజాన్ వినిపించాలి. స్నానాలగది గదిలోపలే ఉండాలి. తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉండాలి. భోజనం విషయంలో అనుమానం ఉండరాదు. "దగ్గర అనేది చివరి సంగతి. ఆటోలు లేవా?" అన్నది. మేము వినలేదు. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెప్పే మనిషికి ఇంట్లో పాఠం వినడం కష్టం.

పరిచయస్థుడు ఒకరు ఇచ్చిన నంబరుకు ఫోను చేశాము. రహదారి పక్కనే గదులు, పక్షుల కేంద్రానికి చాలా దగ్గర, కుటుంబాలు వస్తుంటాయి అని అవతలి గొంతు హామీ ఇచ్చింది. 500 రూపాయలు ముందుగా పంపాము. కింద ఏమున్నదని అడగాలని తోచలేదు.

బుధవారం రాత్రి బయలుదేరి గురువారం ఉదయం గూడూరులో దిగి, బస్సులో నాయుడుపేట మీదుగా ఆ చోటికి చేరాము. గదులు పైన. కింద మద్యం దుకాణం. ఉదయం పది గంటలకే మెట్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. వారు లేచి దారి ఇచ్చారు, ఆ మర్యాద ఒప్పుకోవాలి. పైకి వెళ్లి చూస్తే గది తలుపు గడియ స్థానంలో ఒక మేకు, దానికి దారం. స్నానాలగది వరండా చివర, అందరికీ ఒకటే. మా శ్రీమతి గదిలోకి అడుగు పెట్టలేదు. సంచి కూడా కింద పెట్టలేదు. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

500 రూపాయలు తిరిగి అడిగాము, ఇవ్వలేదు. మదర్సా ఉపాధ్యాయుని జీతంలో 500 అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులలో చాలామందికి చెప్పనక్కరలేదు. ఆ డబ్బు పోతుందన్న బాధతో "ఒక్క రాత్రే కదా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అల్లాహ్ కాపాడాడు, పైకి రాలేదు. ఇల్లు చూసుకునే ముందు పొరుగును చూసుకోవాలన్న మాట మన పెద్దల నోట తరచు వింటాము. హదీసుగా దాని పరంపర బలహీనమని విద్వాంసులు తేల్చారు. కానీ ఆ మెట్ల మీద నిలబడి ఉన్నప్పుడు పరంపర సంగతి మాకు గుర్తుకు రాలేదు.

బస్సు పట్టుకుని సూళ్లూరుపేటకు వెళ్లాము. బస్టాండుకు కొద్ది దూరంలో శుభ్రంగా కనిపించిన ఒక లాడ్జిలో అడిగాము. బల్ల వెనుక యువకుడు మమ్మల్ని చూశాడు, బురఖాలో ఉన్న మా శ్రీమతిని చూశాడు, గుర్తింపు కార్డులు తీసుకుని చదివాడు. తిరిగి ఇచ్చి "గదులు లేవండి" అన్నాడు. సరేనని మంచినీళ్లు తాగడానికి అక్కడే ఒక నిమిషం ఆగాము. ఇంతలో మరొక కుటుంబం కారు దిగి వచ్చింది. నాలుగు మాటలు మాట్లాడి తాళంచెవి తీసుకుని పైకి వెళ్లింది.

మేము బయటికి నడిచాము. మనవడు చేయి పట్టుకుని "నానా, వాళ్లకి ఇచ్చారు కదా?" అన్నాడు.

"వాళ్లు ముందే బుక్ చేసుకుని ఉంటారు" అన్నాము.

తోటి మనిషి పట్ల మంచి తలంపు కలిగి ఉండటం మన ధర్మం. హుస్నె జన్ అంటాము. ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పిన మాట. వారు నిజంగానే ముందు మాట్లాడుకుని ఉండవచ్చు. ఫోనుల్లో బుక్ చేసుకునే రోజులివి. అయినా పిల్లవాడి వైపు చూడకుండా ఆ జవాబు చెప్పామన్న సంగతి మాకు తెలుసు. మా శ్రీమతి నఖాబ్ సవరించుకుని "మసీదు ఎక్కడో కనుక్కోండి" అన్నది. పొద్దున ఆమె చెప్పిన మొదటి షరతు అదే.

జుహ్ర్ నమాజ్ తర్వాత మసీదు మెట్ల మీద ఒక పెద్దాయనకు సలాం చేసి విషయం చెప్పాము. "ముందు ఇక్కడికి రావలసింది మౌల్వీ సాబ్" అని నవ్వి, రెండు వీధుల అవతలి లాడ్జికి స్వయంగా తీసుకువెళ్లాడు. పాత కట్టడం. యజమాని నుదుట విభూతి, ఒళ్లో లెక్కల పుస్తకం. నవ్వే మనిషి కాదు. నియమాలు చదివి వినిపించాడు. గదిలో వంట చేయరాదు, రాత్రి పదికి గేటు మూస్తారు, వేడినీళ్లు బకెట్టుకు పది రూపాయలు. ఫజ్ర్‌కు ముందే గేటు తీయాలని అడిగితే, మసీదుకు వెళ్లేవాళ్ల కోసం తాళం తీసే ఉంటుందన్నాడు. రోజుకు 900. గది నేల అప్పుడే కడిగినట్టుంది. గోడ మీద ఒక పటం ఉంది. మా శ్రీమతి దానిపై తువ్వాలు కప్పబోతుంటే పనిపిల్లవాడు చూసి, "తీసి అల్మారాలో పెడతానమ్మా, మీరు వెళ్లాక మళ్లీ తగిలిస్తాను" అని మేకు నుండి దించాడు. వాడికి ఇది మొదటిసారి కానట్లుంది.

అక్కడి కుళాయి నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి. తీర ప్రాంతం కదా. వుజూకు పనికివస్తాయా అని మనవడికి సందేహం. సముద్రపు నీటి గురించే అనుచరులు అడిగితే అది పరిశుభ్రపరిచేదేనని ప్రవక్త (స) సెలవిచ్చారు, ఇక ఈ నీళ్లకేమి? తాగడానికి మాత్రం డబ్బా నీళ్లు తెప్పించుకోవాలి. ఖిబ్లా ఆ ఊరి నుండి పడమరకు, కొద్దిగా ఉత్తరానికి వాలుగా వస్తుంది. గది కిటికీ పడమరకే ఉండటంతో మా శ్రీమతి నమాజ్ చాప వేసుకోవడానికి వెతుక్కోలేదు. మేము పదిహేను రోజుల లోపు ఉండే ముసాఫిర్లము కనుక, హనఫీ సంప్రదాయం ప్రకారం గదిలో విడిగా చేసే జుహ్ర్, అస్ర్, ఇషాలు రెండేసి రకాతులే. మసీదులో స్థానిక ఇమామ్ వెనుక నిలిస్తే నాలుగూ పూర్తి చేయాలి. ఈ చిన్న భేదం దగ్గర చదువుకున్నవారు సైతం తడబడటం చూస్తుంటాము. భోజనానికి ఇబ్బంది కాలేదు. ఇంటి నుండి తెచ్చుకున్న రొట్టెలు, ఎండు ఖీమా మొదటిరోజుకు సరిపోయాయి. తర్వాత ఇడ్లీ, దోసె ఉండనే ఉన్నాయి. మాంసం విషయంలో సందేహం ఉన్న చోట శాకాహార హోటలు ముసాఫిర్‌కు పెద్ద ఊరట. అక్కడి రొయ్యలు చాలా పేరున్నవి. రొయ్య చేపల్లోకి వస్తుందా రాదా అని మన హనఫీ విద్వాంసులలో చర్చ ఉంది. మా శ్రీమతి ఆ చర్చను మాకు వదిలి తను తిన్నది.

శుక్రవారం ఉదయం. ఫజ్ర్ జమాఅత్ ముగిసేసరికి వీధిలో ఇంకా చీకటే. ముందురాత్రి మాట్లాడి ఉంచిన ఆటో మసీదు ముందే నిలబడి ఉంది. రహదారి మీద ఉత్తరానికి వెళ్లి, దొరవారిసత్రం దగ్గర పక్కదారి పట్టాము. పొలాల మీద మంచు తెరలా నిలిచి ఉంది. టిక్కెట్లు తీసుకుని, చెట్ల మధ్య బాట వెంట నడిచి చెరువుగట్టు చేరాము. అప్పటికి తూర్పు తెల్లబడింది.

మొదట శబ్దం. పక్షుల కూత అంటే మనం అనుకునే తియ్యని కూత కాదు. బొంగురు గొంతుతో వందల పిల్లలు ఒక్కసారిగా ఆకలి అని అరిచినట్టు ఉంటుంది. తర్వాత వాసన. చేపల వాసన, రెట్టల వాసన. మా శ్రీమతి నఖాబ్ ఆమెకు అప్పుడు అక్కరకు వచ్చింది. ఆ తర్వాత వెలుగు పెరిగేకొద్దీ చెట్లు. చెరువు నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్లు. ఒక్కో చెట్టు మీద పది, ఇరవై గూళ్లు. గూటి పక్కన గూడు. ఆకులు తెల్లగా సున్నం వేసినట్టు ఉన్నాయి. గూడబాతు మేము ఊహించిన దానికంటే ఎంతో పెద్దది. బూడిదరంగు ఒళ్లు, పొడవైన ముక్కు మీద చుక్కలు, ముక్కు కింద పొలంలో నీళ్లు తోడే గూడ వంటి తోలుసంచి. తల్లి వచ్చి వాలగానే పిల్ల ఆ సంచిలోకి మెడదాకా తల దూర్చేసి లోపలి చేపలను తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లే పిల్లను మింగుతోందని మనవడు మా చేయి గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల తల బయటికి వచ్చాక నవ్వాడు. తర్వాత ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు.

గూడబాతులతో పాటు వేరే జాతులూ అక్కడే కాపురం ఉన్నాయి. ముక్కు రెండు దవడల మధ్య సందు ఉండే నత్తగొట్టు కొంగలు, నల్లని తల, కొడవలి వంటి ముక్కు ఉన్న తెల్ల కంకణాలు, రెక్కలు ఆరబెట్టుకుంటూ నిలబడిన నీటికాకులు. రాత్రంతా వేటాడి వచ్చి నిద్రకు ఉపక్రమిస్తున్న రాత్రికొంగలు. భూమిపై నడిచే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని దివ్యఖుర్‌ఆన్ అన్‌ఆమ్ సూరాలో తెలుపుతున్నది. ఎన్నోసార్లు తరగతిలో వివరించిన ఆయతు అది. ఉమమ్ అనే పదానికి నిఘంటువు అర్థాలన్నీ పిల్లలకు రాయించేవాళ్లము. ఒక చెట్టు మీద నాలుగు జాతులు అంతస్తులవారీగా, ఎవరి హద్దులో వారు ఉండటం చూసినప్పుడు ఆ పదం ముందు మేము విద్యార్థి అయ్యాము.

అటవీశాఖ కాపలా మనిషి ఒకరు గట్టు మీద ఉన్నారు. ఆ చుట్టుపక్కల పల్లె ఆయనదే. గూడబాతులు మేతకు పులికాట్ సరస్సు దాకా వెళ్లి వస్తాయని ఆయన చెప్పారు. పిల్లల నోటికి చేప అందించడానికి ప్రతిసారీ అంత దూరం ఎగరాలి. "సరస్సు పక్కనే ఉండవచ్చు కదా?" అని మనవడు అడిగాడు. అక్కడ ఇటువంటి చెట్లు లేవు, నీటి మధ్యలో చెట్టు అయితే పిల్లి, నక్క రాలేవు, పైగా ఈ ఊళ్లో వాటిని ఎవరూ కొట్టరు అని ఆయన జవాబు. చెరువులో పక్షుల రెట్టలు కలిసిన నీరు పొలానికి పారితే ఎరువు వేసినట్టే. అందుకని రైతులకు ఇవి వస్తేనే ఆనందం, రాని ఏడు దిగులు. చెరువు నిండకపోతే అవి రావు.

"చూశారా, మేతకు దగ్గర అని చూసుకోలేదు, గడియ గట్టిగా ఉన్న ఇల్లు చూసుకుంది" అన్నది మా శ్రీమతి. దానికి మేము జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా.

చెరువు పక్కనే బసకు గదులు ఎందుకు కట్టలేదని మేము ఆ కాపలా మనిషిని అడిగాము. రాత్రి దీపాలు, కారు హారన్లు, పాటలు పెరిగితే పక్షులు గూళ్లు వదిలి లేస్తాయి, లేచిన గూటి మీద కాకులు, గద్దలు పడతాయి అన్నారు. గుడ్డు ఎండకు కాసేపు విడిచినా పాడవుతుంది. ఆ మాట విన్నాక, మొదట మేము "వీలైనంత దగ్గర" అని పట్టుబట్టిన సంగతి తలచుకుని సిగ్గు కలిగింది. అతిథి ఇంటివారి పడకగది తలుపు దగ్గర పక్క వేయడు కదా. అదే సమయానికి ఒక బృందం వచ్చి ఫోనులో పాట పెట్టి నిఘాగోపురం ఎక్కుతుంటే ఆయన వెళ్లి ఆపించారు. మనవడు వాళ్ల వైపు వేలు పెదవులపై పెట్టి చూపాడు. ఇంట్లో ఒక్క నిమిషం నోరు మూయని పిల్లవాడు.

తిరిగివచ్చే బాటలో ఒక పక్షి నేల మీద ముక్కుతో పొడుస్తూ కనిపించింది. గోధుమరంగు ఒళ్లు, నలుపు తెలుపు చారల రెక్కలు, తల మీద విసనకర్ర వంటి కిరీటం. తెలుగులో కూకుడుగువ్వ. మనవడికి ఒక్క క్షణం పట్టలేదు. "హుద్‌హుద్!" అని గుసగుసగా అరిచాడు. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలామ్) పక్షులను పరికించి, హుద్‌హుద్ కనబడటం లేదేమని అడిగిన వృత్తాంతం నమ్ల్ సూరాలో వాడు కిందటి నెలే చదివాడు. సబా రాజ్యం కబురు తెచ్చిన పక్షి ఇదేనా, ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయాడు. ఆ గువ్వ కాసేపు మమ్మల్ని చూసి, కిరీటం విప్పి ముడిచి, ఎగిరిపోయింది. గూడబాతుల కోసం అంత దూరం వెళ్లాము కానీ, వాడు ఇంటికి వచ్చి అందరికీ మొదట చెప్పింది దీని గురించే.

బాట చివర ఒక పొడవైన ఈక దొరికింది. గూడబాతుదే. వాడు దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు. కాపలా మనిషి గమనించి, ఇక్కడి నుండి ఈక కూడా బయటికి తీసుకుపోరాదు బాబూ అన్నారు. వాడి ముఖం చిన్నబోయింది. మా వైపు చూశాడు. చిలుక లేదు, ఇప్పుడు ఈక కూడా లేదు. ఒక ఈకే కదా అని మేము ఆయనను అడగవచ్చు, బహుశా ఆయన ఒప్పుకునేవారేమో. అడగలేదు. వాడు చాలాసేపు నిలబడి, ఈకను తీసిన చోటికే వెళ్లి, గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి పెట్టి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం జుమా నమాజ్ సూళ్లూరుపేటలోనే చేసుకున్నాము. ముసాఫిర్‌కు జుమా విధి కాకపోయినా, పక్కనే మసీదు ఉండగా వదులుకోవడం ఎందుకు? శనివారం ఉదయం శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ సరస్సు మీదికి వెళ్లాము. మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. రాకెట్ల కేంద్రానికి వెళ్లే రోడ్డు సరస్సు గుండానే పోతుంది, రెండు వైపులా లోతులేని నీళ్లు. దూరంగా గులాబీ గీత గీసినట్టు ఫ్లెమింగోలు. దగ్గరికి రావు, మనం వెళ్లలేము. కంటికి దుర్భిణి లేకపోతే గీతగానే మిగిలిపోతాయి. మా వద్ద లేదు. ఇటువంటి ప్రయాణం తలపెట్టేవారు ఎవరి దగ్గరైనా ఒకటి అడిగి తెచ్చుకుంటే మంచిది.

గది ఖాళీ చేసేటప్పుడు యజమాని లెక్క చూసి 1,800 రూపాయలకు వేడినీళ్ల బకెట్లు నాలుగు కలిపి, చిల్లర తిరిగి ఇచ్చాడు. పనిపిల్లవాడు మా ముందే పటం తీసి మేకుకు తగిలించాడు. పిల్లవాడు పక్షులు చూశాడా అని యజమాని అడిగాడు. అంతకు మించి మాట్లాడలేదు. మసీదు పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పడానికి వెళితే ఆయన లేడు, పెళ్లికి పొరుగూరు వెళ్లాడట. ఇమామ్ గారితో సలాం చెప్పించాము.

గూడూరులో సాయంత్రం బండి ఎక్కాము. మగ్రిబ్ తర్వాత మా శ్రీమతి పై బెర్తు వద్దని కింది బెర్తు మీద కాళ్లు చాపుకుంది. మనవడు కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిద్ర వచ్చిందనుకున్నాము.

"నానా" అన్నాడు చివరకు. "ఆ మొదటి హోటల్లో నిజంగా గదులు లేవా?"

ఈసారి వాడి ముఖంలోకి చూసి చెప్పాము. "మాకు తెలియదు నాన్నా. ఆ రోజు తెలిసినట్టు చెప్పాము. తెలియదు."

వాడు కాసేపు ఆలోచించాడు. "మనం అడగలేదు కదా" అన్నాడు.

"అడగలేదు."

బండి నెల్లూరు దగ్గర పడింది. వాడు చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా బెర్తు కిందికి తోసి, నానీ పక్కన ముడుచుకుని పడుకున్నాడు.